చైనీస్ నేర్చుకోవడానికి పాడ్‌కాస్ట్‌లు సరిపోతాయా, క్లాసుకు వెళ్లాల్సిందేనా?

కొత్తగొంతు:
మాండరిన్ (ప్రామాణిక చైనీస్) సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఎదురుగా రెండు దారులున్నాయి. ఒకటి, వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంటన్నర, బ్యాచ్‌లో 18 మంది. రెండోది, రోజూ ప్రయాణంలో దొరికే గంటసేపు పాడ్‌కాస్ట్‌లు. మొదటి ఆరు నెలలు రెండూ కలిపి చేసే వీలు లేదు. కావలసింది విని అర్థం చేసుకోవడం, మాట్లాడటం. పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు. "రెండూ మంచివే" అని కాకుండా, ఏది ఎక్కడ దెబ్బతింటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

చెవిపెట్టు:
ముందు లెక్క చూద్దాం. గంటన్నర క్లాసులో సగం టీచరు వివరణకే పోతుంది. మిగిలిన 45 నిమిషాలను 18 మందికి పంచితే తలా రెండున్నర నిమిషాలు. అంటే వారం మొత్తానికి మీరు నోరు విప్పేది ఐదు నిమిషాలు. జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఇది పెరుగుతుంది కానీ, అప్పుడు మీ చెవిన పడేది పక్కవాళ్ల చైనీస్.

ఇంకో అంకె. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే చోట, ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్లకు మాండరిన్ కోసం 88 వారాలు, 2200 క్లాసు గంటలు కేటాయిస్తారు. అది పొద్దస్తమానం అదే పనిగా చదివేవాళ్ల లెక్క. వారానికి మూడు గంటల చొప్పున ఒక్క వారం కూడా మానకుండా వెళ్లినా ఏడాదికి 156 గంటలే అవుతాయి. ఆ లెక్కన పద్నాలుగేళ్లు. క్లాసు ఎంత మంచిదైనా గంటలు బయటి నుంచి రావాల్సిందే. అందుకే నా ఓటు పాడ్‌కాస్ట్‌కి.

ఒక షరతు మాత్రం ఉంది. పాడ్‌కాస్ట్ గంట అంటే చైనీస్ గంట కాదు. పాఠాల పాడ్‌కాస్ట్‌లలో బాగా పేరున్నది 2005లో షాంఘైలో మొదలైన చైనీస్‌పాడ్. అందులో ఒక చిన్న డైలాగ్ వస్తుంది, తర్వాత హోస్టులు దాన్ని విడమర్చి చెబుతారు. చాలా పాడ్‌కాస్ట్‌లది ఇదే పద్ధతి. కింది మెట్టులో పన్నెండు, పదిహేను నిమిషాల ఎపిసోడ్‌కి అసలు డైలాగ్ నిమిషం కూడా ఉండదు. మిగతాదంతా ఇంగ్లిషు వివరణ. అలాంటివి గంటలో నాలుగు విన్నా చైనీస్ చెవిన పడేది కొద్ది నిమిషాలే. వివరణ ఒక్కసారి వినండి చాలు. ఆ తర్వాత డైలాగ్ ఒక్కటే కోసుకుని పది, పదిహేను సార్లు వినాలి. ఇది చేయనివాళ్లు ఏడాది తర్వాత కూడా "చాలా విన్నాను, ఏమీ రాలేదు" అంటారు.

పలకాబలపం:
చెవిపెట్టు గారూ, గంటల లెక్కతో పేచీ లేదు. పేచీ అంతా మొదటి రెండు నెలల గురించే. పాడ్‌కాస్ట్ మీకు వినిపిస్తుంది గానీ మీరు అన్నది వినదు. కొనడం మై3, అమ్మడం మై4. (అంకె టోన్‌ని, అంటే పలికేటప్పుడు గొంతు ఎక్కే, దిగే తీరుని చెబుతుంది. 1 పైన నిలకడగా, 2 పైకి లేస్తూ, 3 కింద, 4 పైనుంచి కిందికి. అది మారితే అర్థమే మారుతుంది. కింద అందరూ ఇలాగే రాస్తే బాగుంటుంది.) మొదట్లో నేర్చుకునేవాళ్లు మై3 అనబోయి మై2 అంటారు, తాము సరిగ్గానే అన్నామని గట్టిగా నమ్ముతారు. మన నోటి మాట మనకు వినపడేటప్పుడు, అనాలనుకున్నదే వినపడుతుంది. ఇంకొకరు ఆపి "అది కాదు" అనేదాకా తేడా తెలియదు. తప్పు మాటను వెయ్యిసార్లు అన్నాక దిద్దడం మొదటి వారంలో దిద్దడం కంటే ఎన్నో రెట్లు కష్టం. టోన్ తప్పుతోనే ఆ పదం జ్ఞాపకంలో కూర్చుంటుంది.

కాబట్టి మొదటి 15, 20 గంటలు మనిషి ముందు కూర్చోవాలి. క్లాసు కుదరకపోతే ఒంటరిగా ఒక ట్యూటర్‌తో అరగంట చొప్పున పది సిట్టింగ్‌లు పెట్టుకున్నా మేలే. ఆ తర్వాత ఎన్ని పాడ్‌కాస్ట్‌లైనా వినండి.

ధ్వనిశాల:
పలకాబలపం గారు చెప్పిన మొదటి రెండు నెలల్లో తెలుగువాళ్లకు ఒక మేలు ఉంది, ఒక చిక్కు ఉంది. ఇంగ్లిషువాళ్ల కోసం తయారైన పాఠాలు రెండింటినీ పట్టించుకోవు.

మేలు ఏమిటంటే, పిన్‌యిన్‌లో (చైనీస్ ధ్వనులను ఇంగ్లిషు అక్షరాలతో రాసే పద్ధతి) బి, డి, జి అని రాసేవి బ, ద, గ కావు. గొంతు మోగదు, అవి దాదాపు మన ప, త, క. పి, టి, కె అని రాసేవి వాటికి ఒత్తులు, ఊపిరి గట్టిగా వదిలే ఫ, థ, ఖ. ఇంగ్లిషు హోస్టు "బి అంటే ఇంగ్లిషు బి లాంటిదే" అంటాడు. మాట మొదట్లో ఇంగ్లిషు బి పెద్దగా మోగదు కాబట్టి వాళ్లకు అది నడుస్తుంది. మన బ నిండుగా మోగుతుంది. గొంతు మోగిస్తూ మొదలుపెడితే శ్రుతి కింద నుంచి లేస్తుంది. పైనుంచి మొదలవ్వాల్సిన ఒకటో టోన్, నాలుగో టోన్ అక్కడే చెడతాయి. ఎనిమిది అనడానికి పా1 అనాలి. "బా" అంటూ మొదలుపెడితే శ్రుతి పైకి పాకి రెండో టోన్‌లా తోస్తుంది.

ఒత్తుల్లో జాగ్రత్త. మనం ఫ అని రాసి ఎఫ్‌లా పలుకుతాం. చైనీస్‌లో ఎఫ్ వేరు, ఒత్తు ప వేరు, రెండూ ఉన్నాయి. సన్నటి కాగితం ముక్కను పెదాలకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. పి, టి, కె అన్నప్పుడు కాగితం కదలాలి, బి, డి, జి అన్నప్పుడు కదలకూడదు.

ఇప్పుడు అందరూ తడబడే మూడు వరసలు. జె, క్యూ, ఎక్స్ అంటే "చిలక"లోని చ, దాని ఒత్తు ఛ, శ. జెడ్, సి, ఎస్ అంటే "చాలా", "చలి"లో పలికే దంతపు చ, దాని ఒత్తు, స. ఈ దంతపు చ ఇంగ్లిషులో మాట మొదట రాదు, మనకు పుట్టుకతో వస్తుంది. ఇక జెడ్‌హెచ్, సిహెచ్, ఎస్‌హెచ్. ష పలికే చోట నాలుక కొన ఉంచి చ, ఛ, ష అనండి. ట కి మడిచినంత వెనక్కి మడవొద్దు. శ, ష తేడా నోట్లో నిలిచి ఉన్నవాళ్లకు ఎక్స్, ఎస్‌హెచ్ తేడా మొదటి రోజే పట్టుబడుతుంది.

చిక్కు సున్నతో. అన్నం ఫాన్4, పెట్టడం ఫాఙ్4 (రెండింట్లోనూ మొదటిది ఎఫ్). ఓడ ఛ్వాన్2, మంచం ఛ్వాఙ్2. తెలుగులో నోట్సు రాసుకునేవాళ్లు రెండింటికీ సున్న పెట్టేస్తారు, తేడా కాగితం మీదే చచ్చిపోతుంది. మన సున్న పక్క అక్షరాన్ని బట్టి మారే ధ్వని కాబట్టి చెవి కూడా ఆ తేడాను వదిలేయడానికి అలవాటుపడి ఉంటుంది. తెలుగులో రాసుకోవాలనుకుంటే న్, ఙ్ విడివిడిగా రాయండి. వినేటప్పుడు చివరి హల్లు కోసం వెతకొద్దు, ముందున్న అచ్చుని పట్టుకోండి. న్ ముందు ఆ కాస్త ముందుకు, పళ్ల వైపు పలుకుతుంది. ఙ్ ముందు గొంతు వైపు వెనక్కి పోతుంది. ఇంకోటి, మనం న్ తో ఆగే మాటకు తెలియకుండానే చిన్న ఉ తగిలిస్తాం, "పెన్ను" అన్నట్టు. చైనీస్‌లో అది ఇంకో అక్షరంలా వినిపిస్తుంది.

మనకు అసలు లేని అచ్చు ఒకటుంది. ఈ అంటూ నాలుకను కదపకుండా పెదాలను ఊ కి చుట్టండి. జె, క్యూ, ఎక్స్, వై తర్వాత పిన్‌యిన్‌లో యు అని కనిపించినా అది ఈ అచ్చే.

రెండోబెంచీ:
ధ్వనిశాల గారి పోస్టు దాచుకోదగ్గది. క్లాసు వైపు ఒక లోపం ఎవరూ చెప్పలేదు. అది మూడో టోన్.

బోర్డు మీద మూడో టోన్‌ని కిందికి దిగి పైకి లేచే కొక్కెంలా గీస్తారు. భాషాశాస్త్రవేత్త చావ్ యువెన్‌రెన్ 1930లో పెట్టిన ఐదు మెట్ల కొలతలో (1 అట్టడుగు, 5 అన్నిటికంటే పైన) అది 214. ఒంటరిగా అన్నప్పుడు, వాక్యం చివర అది నిజమే. వాక్యం మధ్యలో మాత్రం ఆ పైకి లేచే ముక్క ఉండదు. కింద, కిందనే ఉండి పక్క అక్షరానికి వెళ్లిపోతుంది, 21. టీచరు అనే మాట లావ్3 షి1. కొక్కెం మొత్తం గీసి అంటే లావ్ సాగి, షి మొదలయ్యేసరికి గొంతు ఆగిపోతుంది. విడి అక్షరాలతో వారాల తరబడి టోన్లు చెప్పించే క్లాసుల నుంచి వచ్చినవాళ్ల చైనీస్ ఇలా కుదుపులు కుదుపులుగా ఉంటుంది. పాడ్‌కాస్ట్‌లో మామూలు మాట వేగంగా వినేవాళ్లకు ఈ జబ్బు తక్కువ.

టోన్లను జంటల్లోనే నేర్చుకోవాలి. నాలుగు టోన్లు, వాటి తర్వాత నాలుగు టోన్లు గానీ తేలిక టోన్ (సొంత శ్రుతి లేకుండా పొట్టిగా పలికేది) గానీ, మొత్తం 20 జంటలు. మూడు-మూడు జంట పలికేటప్పుడు రెండు-మూడు అయిపోతుంది కాబట్టి చెవికి వినపడేవి 19. నమస్కారం చెప్పే ని3 హావ్3 నోటికి వచ్చేసరికి ని2 హావ్3. "కాదు" అనే పు4 నాలుగో టోన్ ముందు పు2 అవుతుంది. "ఒకటి" అనే యి1 నాలుగో టోన్ ముందు యి2, మిగతా మూడింటి ముందు యి4. పుస్తకంలో ఈ మార్పు చాలాసార్లు రాయరు. అసలు టోన్ గుర్తే ఉంచుతారు. కాగితం చూసి చదివేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

క్లాసుకు డబ్బు కట్టే ముందు ఒక క్లాసులో ఊరికే కూర్చుని రెండు చూడండి. విద్యార్థి టోన్ తప్పితే టీచరు అక్కడికక్కడ ఆపుతున్నారా, అర్థమైంది కదా అని సాగిపోతున్నారా? చాలామంది టీచర్లకు విద్యార్థుల యాస అలవాటై, పాఠంలో ఉన్న వాక్యమే కాబట్టి ఎలా అన్నా అర్థమైపోతుంది. వీధిలో మనిషికి ఆ పాఠం తెలియదు. రెండోది, టీచరు మాటల్లో చైనీస్ ఎంత, వివరణ ఎంత?

చెవిపెట్టు:
అదే నేననేది. 18 మంది క్లాసులో ఎవరి మై3 ఎవరి మై2 అని పట్టుకోవడం ఎంత మంచి టీచరుకైనా కుదరని పని. అందరూ కలిసి కోరస్‌గా అంటుంటే అసలే వినపడదు. పలకాబలపం గారు చెప్పిన దిద్దుబాటు ఒంటరి ట్యూటర్‌తో దొరుకుతుంది, పెద్ద బ్యాచ్‌లో దొరకదు.

పలకాబలపం:
పెద్ద బ్యాచ్ విషయంలో ఒప్పుకుంటాను. ఎనిమిది మంది దాటితే ఉచ్చారణ దిద్దడం పేరుకే. కానీ "రోజుకి గంట వినండి" అన్న సలహాలో ఇంకో ప్రమాదం ఉంది. వెనక ఏదో మోగుతూ ఉంటే భాష దానంతటదే ఎక్కుతుందనుకుంటారు. అర్థం కాని చైనీస్ ఎన్ని గంటలు విన్నా చప్పుడుగానే మిగులుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్ (ఎపిసోడ్‌లోని మాటల రాతప్రతి) చూస్తే వందకు ఐదు మాటల కంటే ఎక్కువ తెలియనివి కనిపిస్తున్నాయంటే ఆ ఎపిసోడ్ ఇప్పటికి వద్దు. రెండుసార్లు విన్నాక కూడా ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పలేకపోతే ఒక మెట్టు దిగాలి.

కొత్తగొంతు:
ఆ గంటను ఎలా వాడుకోవాలో దశలవారీగా చెబుతారా? ప్రయాణంలో బిగ్గరగా అనడం కుదరదు. ఇంటికొచ్చాక పావుగంట దొరుకుతుంది.

చెవిపెట్టు:
ముందు సిద్ధం చేసుకునే పని. ఇది వారానికోసారి చాలు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఎపిసోడ్ తెరిచి డైలాగ్ భాగం వేరు చేయండి. ఒక్కో వాక్యాన్ని ఎంచుకుని లేబుల్ పెట్టి, అన్నిటినీ ఒకేసారి విడి ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. కోసేటప్పుడు వాక్యానికి ముందు అర సెకను ఖాళీ ఉంచాలి. రెండు కారణాలు. మొదటి హల్లుకు ముందు అంటీముట్టనట్టు కోస్తే దాని ఆరంభం తెగిపోయి ఒత్తు ఉందో లేదో పోల్చుకోలేరు. పైగా చాలా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు నిశ్శబ్దం తర్వాత మేలుకునేలోపు మొదటి ముక్కను మింగేస్తాయి.

ప్రయాణంలో: కొత్త డైలాగ్ మూడుసార్లు, ఏమీ చూడకుండా. తర్వాత హోస్టుల వివరణ ఒకసారి. తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తూ రెండుసార్లు, తెలియని మాటలు ప్లెకో అనే చైనీస్ నిఘంటువు యాప్‌లో వెతికి. మళ్లీ చూడకుండా ఐదుసార్లు. మిగిలిన సమయమంతా గత వారం, గత నెల డైలాగులకే. పాతవి వినడం మానేసి రోజుకో కొత్త ఎపిసోడ్ వెంటపడటమే పాడ్‌కాస్ట్ శ్రోతల అతిపెద్ద తప్పు. వారానికి కొత్తవి రెండు, మహా అయితే మూడు.

ఇంట్లో పావుగంట: ఐదు నిమిషాలు డిక్టేషన్. ఒక వాక్యం విని పిన్‌యిన్, టోన్ అంకెలతో సహా రాయండి, ట్రాన్‌స్క్రిప్ట్‌తో సరిచూడండి. తప్పు అక్షరాలను బట్టి మీ చెవికి ఏ జంట చిక్కడం లేదో తేలుతుంది. మిగతా పది నిమిషాలు అదే వాక్యం వెంట అనడం. మొదట ఆడియో ఆపి, తర్వాత ఆడియోతో కలిసి, పైకి వినపడేలా.

ఆంకీ (నేర్చుకున్నవాటిని కార్డులుగా మళ్లీ మళ్లీ అడిగే యాప్) కార్డు చేస్తే ముందువైపు ఆడియో ఒక్కటే ఉండాలి, వెనక చైనీస్ అక్షరాలు, పిన్‌యిన్, అర్థం. ముందువైపు పిన్‌యిన్ కనిపిస్తే కన్ను చదివేస్తుంది, చెవికి పని ఉండదు. రోజుకు కొత్తవి పదికి మించొద్దు. పది కొత్తవంటే కొన్నాళ్లకు రోజూ 80, 100 పాత కార్డులు ఎదురొస్తాయి, అది అప్పుడే పావుగంట పని.

నిదానం:
వేగం గురించి రెండు మాటలు. మామూలు సంభాషణ నిమిషానికి 200 నుంచి 300 అక్షరాల దాకా నడుస్తుంది. ప్లేయర్‌లో వేగం 0.8కి తగ్గించుకోవచ్చు, ఇప్పటి యాప్‌లు శ్రుతి మారకుండానే నిదానిస్తాయి. 0.7 కంటే దిగితే మాత్రం టోన్ ఆకారం సాగిపోయి, ఎక్కడా వినపడని చైనీస్ తయారవుతుంది. అంత నిదానం కావాలనిపిస్తే, నిదానంగానే మాట్లాడి రికార్డు చేసినవి ఎంచుకోండి. స్లో చైనీస్ అలాంటిదే. టీటైమ్ చైనీస్ మొత్తం చైనీస్‌లోనే తేలిక మాటలతో నడుస్తుంది, ట్రాన్‌స్క్రిప్ట్ ఉంటుంది. అది మొదటి నెలలకు కాదు, వెయ్యి మాటలు పట్టుబడ్డాక.

ఆడియో నాణ్యతను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. టోన్లు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటాయి, చెత్త స్పీకర్‌లో కూడా వినపడతాయి. శ, ష, స తేడా మాత్రం చాలావరకు 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, ఆ పైన ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసులో బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు ఆన్ కాగానే కొన్ని హెడ్‌సెట్‌లు కాల్ మోడ్‌లోకి పడిపోయి 4 కిలోహెర్ట్జ్ పైభాగాన్ని కోసేస్తాయి. టీచరు ఎక్స్ అన్నారో ఎస్‌హెచ్ అన్నారో తెలియదు, మీరన్నది టీచరుకూ తెలియదు. ఇద్దరూ వైరు హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేదా విడి మైకు వాడాలి.

యాస సంగతి. మొదటి ఆరు నెలలు ఒకే తరహా ఉచ్చారణకు కట్టుబడండి. బీజింగ్ వైపు హోస్టులు మాట చివర ర్ చుడతారు. తైవాన్ హోస్టుల మాటలో తేలిక టోన్ తక్కువ, నాలుక మడిచే వరస మెత్తబడి దంతపు వరసకు దగ్గరవుతుంది. కొన్ని మాటలకు టోన్ కూడా వేరు. "వారం" అనే శింగ్1 ఛి1 తైవాన్‌లో శింగ్1 ఛి2. రెండూ సరైనవే, కానీ పునాది పడకముందు రెండూ కలిస్తే మీ డిక్టేషన్‌లో తప్పు మీదో హోస్టుదో తేలదు.

గళ్లకాగితం:
చైనీస్ లిపిలోని అక్షరాల ఊసు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మాట్లాడటమే కావాలన్నారు కాబట్టి అవసరం లేదనిపించవచ్చు. మూడు, నాలుగు నెలల దాకా నిజంగానే లేదు. ఆ తర్వాత వినికిడే ఆగిపోతుంది.

మాండరిన్‌లో టోన్లు పక్కన పెడితే అక్షరధ్వనులు 400 పైచిలుకు. టోన్లతో కలిపినా 1300 లోపే. షి4 అనే ఒక్క ధ్వనికి "అవును, అయి ఉండటం" అనే క్రియ, పని, నగరం, గది, పరీక్ష ఇలా ఎన్నో. చెవితోనే నేర్చుకునేవాళ్లకు ఇవన్నీ ఒకే కుప్ప. అక్షరం తెలిసినవాళ్లకు ఒక్కోటీ వేరే గదిలో ఉంటుంది. కరెంటుకి త్యెన్4. కరెంటు మాట అంటే ఫోను, కరెంటు మెదడు అంటే కంప్యూటర్, కరెంటు నీడ అంటే సినిమా. త్యెన్4 అక్షరం ఒక్కటి తెలిస్తే ఎన్నడూ వినని మాటలో కూడా సగం అర్థం ముందే చేతికొస్తుంది. పాడ్‌కాస్ట్ పై మెట్టులో కొత్త మాటను చైనీస్‌లోనే వివరించేటప్పుడు హోస్టులు చేసేది సరిగ్గా ఇదే, "ఫలానా మాటలోని ఫలానా అక్షరం" అంటారు. అక్షరాలు రానివాళ్లకు ఆ వివరణ గాలికి పోతుంది.

చైనీస్ అక్షరాల్లో అత్యధిక భాగం ఒక పక్క అర్థం, ఇంకో పక్క ధ్వని చెప్పే జోడింపులు. ఛింగ్ ధ్వని చెప్పే ముక్క పక్కన నీళ్ల గుర్తు పెడితే స్వచ్ఛం, సూర్యుడి గుర్తు పెడితే నిర్మలమైన ఆకాశం, గుండె గుర్తు పెడితే మనోభావం, మాట గుర్తు పెడితే "దయచేసి". టోన్లు 1, 2, 2, 3. ఇవి పాడ్‌కాస్ట్‌లో నేర్పరు, క్లాసులో నేర్పుతారు. ఇక్కడ క్లాసుదే పైచేయి అని నా నిశ్చితాభిప్రాయం. చేత్తో రాయడం తప్పనిసరి కాదు గానీ మొదటి 100 అక్షరాలు గళ్ల కాగితం మీద, గీతల వరస తప్పకుండా రాయండి. వరస తెలిస్తే ప్లెకోలో వేలితో రాసి వెతకడం సులువు, కలిపి రాసిన చేతిరాత కూడా కొంత పోల్చుకోగలరు.

పరీక్ష తర్వాత అన్నారు కానీ ఒక సంగతి మనసులో పెట్టుకోండి. 2010లో వచ్చిన ఆరు స్థాయుల హెచ్‌ఎస్‌కేలో (చైనీస్ ప్రావీణ్య పరీక్ష) మొదటి రెండు స్థాయులకే ప్రశ్నపత్రంలో పిన్‌యిన్ ఉంటుంది. మూడో స్థాయి నుంచి ఉత్త అక్షరాలే. 2021లో ప్రకటించిన ప్రమాణం తొమ్మిది స్థాయులది, అందులో మాటలు 11,092, అక్షరాలు 3000.

రెండోబెంచీ:
దానికి ఒకటి చేరుస్తాను. ఆ ఆరు స్థాయుల పరీక్షలో మూడో స్థాయి దాకా వినికిడి ప్రశ్నను రెండుసార్లు వినిపిస్తారు, నాలుగో స్థాయి నుంచి ఒక్కసారే. క్లాసు రికార్డింగ్‌కి "ఇంకోసారి పెట్టండి" అనడం అలవాటైనవాళ్లు అక్కడ చతికిలబడతారు. పాడ్‌కాస్ట్‌లో వెనక్కి తిప్పే బటన్ కూడా అదే అలవాటు చేస్తుంది. పాత డైలాగులు వినేటప్పుడు ఆపకుండా, వెనక్కి తిప్పకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకసారి విని సారాంశం చెప్పుకోవడం విడిగా సాధన చేయాలి.

కొత్తగొంతు:
ఇంతవరకు నాకు అర్థమైనదాని ప్రకారం 18 మంది బ్యాచ్ వద్దు. రోజూ పాడ్‌కాస్ట్, వారానికోసారి అరగంట ట్యూటర్, మూడో నెల నుంచి అక్షరాలు. ట్యూటర్ లేని ఆరు రోజులు టోన్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ధ్వనిశాల:
ప్రాట్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేశారు. హోస్టు వాక్యం ఒక ఫైలు, మీ గొంతుతో అదే వాక్యం ఇంకో ఫైలు, రెండూ తెరిచి పిచ్ (శ్రుతి) గీత చూపించమనండి. గీత ఎక్కడ ఎక్కుతోందో, ఎక్కడ దిగుతోందో కంటితో పోల్చుకోవచ్చు. పిచ్ హద్దులు మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 పెట్టండి. పెట్టకపోతే గీత ఉన్నట్టుండి రెట్టింపు ఎత్తుకు ఎగిరి కంగారు పెడుతుంది. మీ గొంతు, హోస్టు గొంతు ఒకే ఎత్తులో ఉండనక్కర్లేదు. ఆకారం చూడండి.

మూడో టోన్ దగ్గర గీత తెగిపోయి కనిపిస్తే భయపడొద్దు. అట్టడుగున గొంతు బొంగురుపోతుంది, ప్రోగ్రామ్‌కు శ్రుతి దొరకదు. చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్ల గీత కూడా అక్కడ తెగుతుంది. చూడాల్సిన తప్పులు రెండు. మొదటిది, నాలుగో టోన్ పైనుంచి కిందిదాకా పడకుండా సగంలో ఆగడం. రెండోది, తెలుగులో వాక్యం చివర ప్రశ్నకు గొంతు లేపినట్టు చైనీస్ ప్రశ్న చివర కూడా లేపి, ఆఖరి మాట టోన్ చెడగొట్టడం. ప్రశ్నలో మొత్తం శ్రుతి కొంచెం పైకి జరుగుతుంది గానీ నాలుగో టోన్ దిగుతూనే ఉండాలి.

పలకాబలపం:
ఆ అరగంట ట్యూటర్ సిట్టింగ్ కబుర్లతో కరిగిపోకుండా ముందే ఒప్పందం చేసుకోండి. మొదటి ఐదు నిమిషాలు 20 టోన్ జంటలు, ఒక్కో దానికి ఒక మాట, ట్యూటర్ కాగితం చూడకుండా వింటారు. మీరు ఏ మాట అన్నారో వాళ్లు రాయాలి. వాళ్లు రాసింది, మీరు అనాలనుకున్నది వేరైతే అదే ఆ వారం పని. పాఠం ముందు పెట్టుకుని వింటే వాళ్ల చెవి మీ తప్పును సర్దేస్తుంది, రెండోబెంచీ గారు చెప్పినట్టు.

తర్వాత పది నిమిషాలు ఆ వారం విన్న డైలాగ్‌ని మీ మాటల్లో చెప్పడం. ట్యూటర్ మధ్యలో ఆపకూడదు, తప్పులు రాసుకోవాలి. ఆ తర్వాత పది నిమిషాలు ఆ తప్పుల్లో మూడే మూడు. అంతకంటే ఎక్కువ దిద్దితే ఒక్కటీ నిలవదు. చివరి ఐదు నిమిషాల్లో దిద్దిన వాక్యాలను ట్యూటర్ గొంతుతో, మామూలు వేగంతో రికార్డు చేయించుకోండి.

చెవిపెట్టు:
ఆ రికార్డింగ్‌లను కూడా డైలాగ్ వాక్యాల్లాగే ఆంకీలో పెట్టండి, ముందువైపు ఆడియో ఒక్కటే. ట్యూటర్‌ని ఎంచుకునేటప్పుడు వాళ్ల యాస, మీరు వినే పాడ్‌కాస్ట్ యాస ఒకటేనా అని చూడండి. నిదానం గారు చెప్పిన గందరగోళం అక్కడ మళ్లీ మొదలవుతుంది.